అధ్యక్షా... మా వాగు మీద వంతెనెప్పుడు?

శాసనసభ అనగానే టీవీలో చూసిన అరుపులు, నినాదాలు, పోడియం చుట్టూ గుమిగూడిన సభ్యులే గుర్తొస్తారు. కానీ గొడవల్లేని రోజు కూడా ఒకటుంటుంది. ప్రశ్నలు, జవాబులు, చేతులు మారే చీటీలు, టీ కప్పులు, 'అవును' అన్న ఒక్క మాటతో ఆమోదం పొందే బిల్లులు... వార్తల్లోకి పెద్దగా ఎక్కని ఆ మామూలు రోజు ఎలా ఉంటుందో చూడాలంటే హైదరాబాద్ అసెంబ్లీ దాకా వెళ్లాలి.

ఉదయం తొమ్మిది దాటుతుంది. లక్డీకాపూల్ నుంచి నాంపల్లి వైపు వెళ్లే రోడ్డు మీద బారికేడ్లు అప్పటికే వచ్చేసి ఉంటాయి. సమావేశాలు జరిగే రోజుల్లో ఆ దారిన వెళ్లేవాళ్లకు ఇది అలవాటే. బుగ్గ కారు వస్తే ట్రాఫిక్ ఆగిపోవడమన్నది పాతమాట. ఇప్పుడు బుగ్గలు లేవు కానీ ఆగడం మాత్రం ఉంది. తలెత్తితే పైన మెట్రో రైలు. స్టేషన్ పేరే 'అసెంబ్లీ'. 2018 సెప్టెంబరులో ఈ మార్గం మొదలయ్యాక చాలామంది నగరవాసులకు శాసనసభ అంటే రైల్లో వినిపించే ఒక స్టేషన్ పేరు కూడా అయింది.

రోడ్డుకు ఆవల గన్‌పార్క్. 1969 తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలర్పించినవారి జ్ఞాపకంగా శిల్పి ఎక్కా యాదగిరిరావు చెక్కిన అమరవీరుల స్తూపం అక్కడే ఉంది. తొలిరోజు సభకు వెళ్లే ముందు అక్కడ పూలు ఉంచి రావడం చాలామంది సభ్యులకు ఆనవాయితీ. ఇటు గేటు దగ్గర పోలీసులు పాసులు చూస్తుంటారు. పక్కనే చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో మడతపెట్టిన అర్జీలతో కొందరు నిలబడి ఉంటారు. రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి నగరానికి చేరినవాళ్లు. తమ ఎమ్మెల్యే కారు లోపలికి వెళ్లేలోగా ఒక్కసారి అద్దం దించితే చాలన్నది వాళ్ల ఆశ.

"సార్, జర మా వాగు సంగతి అడుగుండ్రి."

కారు కదులుతుండగా వినిపించే మాట ఇలాంటిదే. వాగు కావచ్చు, బడి కావచ్చు, ఆసుపత్రిలో డాక్టరు కావచ్చు. ఆ మాట గేటు దాటి లోపలికి వెళ్తే ఏమవుతుంది? అసెంబ్లీలో ఒక మామూలు రోజు మొత్తం ఆ ప్రశ్నకు జవాబే.

జనం చందాలతో కట్టిన భవనం

లోపలికి అడుగుపెట్టగానే తెల్లని గుమ్మటాలు, కమానులు కళ్లకు కడతాయి. పర్షియన్, రాజస్థానీ రీతుల్ని కలిపి కట్టిన ఈ భవనం మొదట శాసనసభ కాదు, టౌన్‌హాల్. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ నలభయ్యో పుట్టినరోజు వేడుకల గుర్తుగా నగర ప్రజలు చందాలు వేసుకుని దీన్ని తలపెట్టారు. 1905లో పునాది పడింది. 1913లో పూర్తయింది. ఎవరి పుట్టినరోజు కోసం మొదలుపెట్టారో ఆయన 1911లోనే కన్నుమూశారు. తన పేరిట లేచిన గుమ్మటాన్ని ఆయన పూర్తిగా చూడనే లేదు.

వెనుకవైపు పబ్లిక్ గార్డెన్స్. పాతపేరు బాగ్-ఎ-ఆమ్, అంటే అందరి తోట. అందరి తోటకు ఆనుకునే అందరి తరఫున మాట్లాడే సభ ఉండటం యాదృచ్ఛికమే అయినా ముచ్చటగానే ఉంటుంది.

1952లో తొలి ఎన్నికల తర్వాత హైదరాబాద్ రాష్ట్ర శాసనసభ ఏర్పడింది. కాశీనాథరావు వైద్య దానికి స్పీకర్. అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలో మరాఠీ, కన్నడ జిల్లాలూ ఉండేవి. సభలో ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడం, ఇంగ్లిషు మాటలు కలగలిసేవి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అయ్యదేవర కాళేశ్వరరావు తొలి స్పీకర్ అయ్యారు. సభ్యులు, సిబ్బంది పెరిగి పాత భవనం చాలకపోవడంతో 1980ల్లో పక్కనే, చూడటానికి దానికి తోబుట్టువులా ఉండే కొత్త భవనం వచ్చింది. రెండింటి ముందూ ధ్యానంలో కూర్చున్న గాంధీ విగ్రహం.

2014 జూన్ 2 తర్వాత ఈ ప్రాంగణం అరుదైన దృశ్యం చూసింది. 294 మంది సభ్యుల సభ 119, 175గా విడిపోయింది. కొన్నాళ్లపాటు రెండు రాష్ట్రాల శాసనసభలకూ ఇదే చిరునామా. ఒకే ప్రహరీ లోపల తెలంగాణ సభ కొత్త హాలులో, ఆంధ్రప్రదేశ్ సభ పాత హాలులో. 2017 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ అమరావతి ప్రాంతంలోని వెలగపూడికి తరలిపోయింది. భవనాలు వేరైనా రోజు గడిచే తీరు మాత్రం రెండుచోట్లా ఒకటే. నియమావళి వేర్లు ఒకటే కదా!

గంట మోగింది

సాధారణంగా సభ మొదలయ్యేది ఉదయం పదింటికి. అంతకు కాస్త ముందు గంట మోగుతుంది. లాబీలో కబుర్లు చెప్పుకుంటున్నవాళ్లు, చివరి గుక్క టీ తాగుతున్నవాళ్లు లోపలికి నడుస్తారు. స్పీకర్ వస్తున్నట్టు మార్షల్ గట్టిగా ప్రకటించగానే అందరూ లేచి నిలబడతారు. స్పీకర్ చేతులు జోడిస్తారు. సభ్యులూ నమస్కరించి కూర్చుంటారు.

సభ అర్ధచంద్రాకారంలో ఉంటుంది. స్పీకర్ కుడిచేతి వైపు పాలకపక్షం, ఎడమ వైపు ప్రతిపక్షం. స్పీకర్ కుర్చీకి దిగువన శాసనసభ కార్యదర్శి, అధికారులు. వాళ్ల ముందు బల్ల దగ్గర సభలో పలికే ప్రతి మాటనూ రాసుకునే రిపోర్టర్లు. పై గ్యాలరీల్లో పత్రికలవాళ్లు, సందర్శకులు. సందర్శకులకు నిబంధనలు గట్టివి. చప్పట్లు కొట్టకూడదు, నవ్వకూడదు, సెల్‌ఫోన్ తేకూడదు. ఓటేసినవాడు నోరెత్తకూడని చోటు ఏదైనా ఉందంటే అది ఇదే! అతని తరఫున మాట్లాడాల్సింది కింద కూర్చున్నవాళ్లు.

సభ నడవాలంటే కనీసం ఎందరుండాలి? రాజ్యాంగం 189వ అధికరణ ప్రకారం పది మంది లేదా మొత్తం సభ్యుల్లో పదో వంతు, రెండింట్లో ఏది ఎక్కువైతే అది. తెలంగాణలో 119 మందికి ఆ లెక్క 12. ఆంధ్రప్రదేశ్‌లో 175 మందికి 18. ఉదయం కిక్కిరిసిన సభ మధ్యాహ్న భోజనాల తర్వాత పలచబడుతుంటే కోరం గంట అవసరం ఎందుకో అర్థమవుతుంది.

ఇక్కడ ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా నేరుగా మాట్లాడటానికి లేదు. ఎదుటి పక్షం సభ్యుణ్ని తిట్టాలన్నా, మెచ్చుకోవాలన్నా స్పీకర్‌ను ఉద్దేశించే మాట్లాడాలి. అందుకే ప్రతి వాక్యానికీ ముందో వెనకో 'అధ్యక్షా' అన్న పిలుపు. తెలుగు సినిమాల్లో రాజకీయ నాయకుడి పాత్ర రాగానే రచయితలు రాసే మొదటిమాట అదే. వినేవాళ్లకు అది నవ్వులాట. సభకు మాత్రం అది గొళ్లెం. కోపం ఎంత ఉన్నా ఆ పిలుపు మీదుగా పోవాల్సిందే కాబట్టి సగం వేడి అక్కడే తగ్గుతుంది. తగ్గకపోతే... మైకు ఎవరికి ఇవ్వాలో తేల్చేదీ అధ్యక్షులవారే.

ఒక ప్రశ్న ప్రయాణం

గేటు దగ్గర విన్న వాగు సంగతికి వద్దాం. ఒక ఊరు, దాని ముందు ఒక వాగు అనుకుందాం. బడి వాగుకు అవతల ఉంది. వానాకాలం నాలుగు నెలలూ పిల్లలు బడి మానేయాల్సిందే. నొప్పులొచ్చిన ఆడమనిషిని మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకుంటూ దాటించాలి. పేరు మీ ఇష్టం. అలాంటి ఊళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.

ఆ ఊరి అర్జీ అందుకున్న ఎమ్మెల్యే దాన్ని ప్రశ్నగా మార్చి అసెంబ్లీ సచివాలయానికి నోటీసు ఇస్తారు. అది సభకు ముందే, నిర్ణీత గడువులోగా చేరాలి. ప్రశ్న ఎలా పడితే అలా ఉంటే కుదరదు. అందులో వాదన ఉండకూడదు, వెటకారం ఉండకూడదు, ఆరోపణ ఉండకూడదు, ఊహాగానం ఉండకూడదు. మంత్రి అభిప్రాయం అడగకూడదు, సమాచారమే అడగాలి. కోర్టు విచారణలో ఉన్న విషయం కాకూడదు. గుండె మండి రాసిన అర్జీ ఈ జల్లెడలోంచి జారి చివరికి ఇలా తేలుతుంది:

"పంచాయతీరాజ్ శాఖ మంత్రిగారు దయచేసి ఈ కింది విషయాలు తెలియజేస్తారా: (అ) ఫలానా గ్రామం వద్ద వాగుపై వంతెన నిర్మించే ప్రతిపాదన ఏదైనా ప్రభుత్వ పరిశీలనలో ఉన్నదా? (ఆ) ఉన్నట్లయితే ఎప్పటిలోగా పూర్తవుతుంది?"

మంచం లేదు, నొప్పులు లేవు, తడిసిన పుస్తకాల సంచీ లేదు. అయినా ఇందులో ఒక బలముంది. ఈ ప్రశ్న ఆమోదం పొందిన క్షణం నుంచి రాష్ట్ర రాజధానిలోని శాఖాధిపతి నుంచి మండలంలోని ఇంజినీరు దాకా కదలాల్సిందే. ఫైలు ఎక్కడుందో వెతకాలి. అంచనాలు వేశారో లేదో చూడాలి. ఎందుకు ఆగిందో రాసి పంపాలి. ఏళ్ల తరబడి బీరువాలో పడున్న కాగితానికి కొద్ది రోజుల్లోనే దుమ్ము దులుపుతారు. మంత్రి సభలో తప్పు చెబితే హక్కుల ఉల్లంఘన అవుతుందన్న భయం ఉంటుంది మరి. వంతెన వచ్చినా రాకపోయినా ఆ ఊరి పేరు అధికారులందరూ ఒక్కసారైనా చదువుతారు.

ప్రశ్నల్లో రెండు రకాలు. నక్షత్రం గుర్తున్నవి, లేనివి. నక్షత్రం ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో లేచి నోటితో జవాబివ్వాలి. దాని మీద అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు. నక్షత్రం లేనిదానికి రాతపూర్వకంగా జవాబు వస్తుంది, అంతే. ఎదురు ప్రశ్న ఉండదు. ఆ చిన్న చుక్క గుర్తు కోసమే సభ్యుల ఆరాటం.

అవునండీ... లేదండీ

పది దాటి కొన్ని నిమిషాలు. ప్రశ్న నంబరు పిలుస్తారు. మంత్రి లేచి కాగితం చూసి చదువుతారు.

"(అ) లేదండీ. (ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు."

అయిపోయింది! సభలో రోజూ వినిపించే జవాబుల్లో ఇంత పొట్టిది, ఇంత కఠినమైనది మరొకటి లేదు. మర్యాదకు లోటు లేదు, 'అండీ' ఉంది. కానీ ఆ ఊరి వానాకాలం మొత్తాన్ని 'ఉత్పన్నం కాదు' అన్న మాట మింగేసింది. ప్రతిపాదనే లేనప్పుడు ఎప్పుడు పూర్తవుతుందన్న ప్రశ్న ఎక్కణ్నుంచి వస్తుంది? నియమం ప్రకారం జవాబు సరైనదే.

అక్కడే అసలు పని మొదలవుతుంది. సభ్యుడు లేచి, "అధ్యక్షా! ప్రతిపాదన లేదన్నారు. మరి నిరుడు వరదల్లో కొట్టుకుపోయిన కాజ్‌వే సంగతేమిటి?" అంటారు. ఇది అనుబంధ ప్రశ్న. ముందుగా రాసిచ్చింది కాదు. దీనికి కాగితంలో జవాబుండదు. మంత్రి ఒక్క క్షణం అధికారుల గ్యాలరీ వైపు చూస్తారు. అక్కడ కూర్చున్న కార్యదర్శి అప్పటికే ఒక చీటీ రాస్తుంటారు. అది చేతులు మారి మంత్రి బల్ల మీదికి వస్తుంది. మంత్రి చదువుకుని, "సభ్యుల ఆవేదన అర్థం చేసుకున్నాం. అంచనాలు తెప్పించి పరిశీలిస్తాం అధ్యక్షా" అంటారు.

'పరిశీలిస్తాం' అన్నది గాల్లో కలిసే మాట అనుకుంటారు చాలామంది. నిజానికి అంత తేలిక కాదు. సభలో మంత్రి ఇచ్చిన హామీల్ని రికార్డుల్లోంచి ఏరి, అమలయ్యాయో లేదో అడిగేందుకు ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంది. ఆ కమిటీ చురుగ్గా పనిచేస్తే 'పరిశీలిస్తాం' కూడా ఏదో ఒకరోజు లెక్క చెప్పాల్సిన మాటే. చురుగ్గా లేకపోతే మాత్రం అది వట్టి మర్యాదే. తేడా అంతా ఎమ్మెల్యే వెంటబడటంలో ఉంటుంది, ఊరివాళ్లు ఎమ్మెల్యే వెంటబడటంలో ఉంటుంది.

ఆ గంట పోతే...

ప్రశ్నోత్తరాలకు సభలో తొలిగంట కేటాయిస్తారు. పాలకపక్ష సభ్యుడైనా, ప్రతిపక్ష సభ్యుడైనా మంత్రిని నిలదీయగలిగే గంట అదొక్కటే. మిగతా సమయం పార్టీలది. ఈ గంట నియోజకవర్గాలది.

గొడవ జరిగినప్పుడు మొదట పోయేదీ ఇదే. ఏదో అంశంపై వాయిదా తీర్మానం ఇస్తారు. స్పీకర్ తిరస్కరిస్తారు. చర్చకు పట్టుబడుతూ సభ్యులు పోడియం వైపు వెళ్తారు. సభ పది నిమిషాలు వాయిదా. మళ్లీ మొదలు, మళ్లీ వాయిదా. మర్నాడు పత్రికల్లో ఎవరు ఎవర్ని ఏమన్నారో వస్తుంది. జాబితాలో ఆరో నంబరుగా ఉన్న వంతెన ప్రశ్న ఏమైందో రాదు. పిలుపు అందని ప్రశ్నలకు జవాబులు సభ ముందుంచినట్టే లెక్క. అంటే జవాబు వస్తుంది, ఎదురు ప్రశ్న పోతుంది. 'లేదండీ' దగ్గరే కథ ముగుస్తుంది.

ప్రశ్నోత్తరాలు ముగియగానే జీరో అవర్. నిబంధనల పుస్తకంలో ఎక్కడా లేని పేరిది. 1960ల్లో పార్లమెంటులో అలవాటుగా మొదలై శాసనసభలకు పాకింది. ముందస్తు జవాబులు ఉండవు, చర్చ ఉండదు. సభ్యులకు ఒకటి రెండు నిమిషాలు. ఒకరు తాగునీటి ట్యాంకు అంటారు, ఒకరు బస్సు రావడం లేదంటారు, ఇంకొకరు పత్తి కొనుగోలు కేంద్రం అంటారు. హైదరాబాద్ పాతబస్తీ సభ్యులు ఉర్దూలో నాలా పూడిక సంగతి చెబుతారు. 2017లో ఉర్దూ తెలంగాణ అంతటా రెండో అధికార భాష అయింది కానీ ఈ సభలో అది ఎప్పట్నుంచో సొంతమాటే. మంత్రి 'నోట్ చేసుకున్నాం' అంటారు. రాష్ట్రం పటాన్ని ఒక అరగంటలో చుట్టి రావాలంటే జీరో అవర్‌ను మించింది లేదు.

టీ విరామం

జీరో అవర్ అయ్యాక సభకు టీ విరామం ఇస్తుంటారు. ఒక్కసారిగా లాబీలు నిండిపోతాయి. అయిదు నిమిషాల కిందట ఒకరి మీదొకరు విరుచుకుపడిన ఇద్దరు ఒకే బల్ల దగ్గర కప్పు పట్టుకుని, "ఏమన్నా... మీ అమ్మాయి పెళ్లెప్పుడు?" అని పలకరించుకుంటారు. చూసేవాళ్లకు ఇదంతా నాటకమా అనిపిస్తుంది. కాదు. రేపు ఒక బిల్లు మీద సవరణ కావాలంటే, ఎల్లుండి ఒక కమిటీలో పక్కపక్కన కూర్చోవాలంటే ఈ పలకరింపే దిక్కు.

మంత్రుల వెనక అర్జీలు పట్టుకుని ఎమ్మెల్యేలు తిరిగేదీ ఇక్కడే. గేటు దగ్గర ఎమ్మెల్యేకు ఊరివాళ్లు ఇచ్చిన కాగితమే ఇక్కడ ఎమ్మెల్యే చేతిలోంచి మంత్రి చేతికి మారుతుంది. ఒక మూల మీడియా పాయింట్. సభలో మైకు దొరకనివాళ్లకు, వాకౌట్ చేసి వచ్చినవాళ్లకు అక్కడ మైకులకు కొదవలేదు.

'అవును' అంటే చట్టం

విరామం తర్వాత హాజరు తగ్గుతుంది. వింతేమిటంటే అసలైన పని అప్పుడే ఎక్కువ. సభా సమక్షంలో పత్రాలు ఉంచుతారు. సంస్థల వార్షిక నివేదికలు, ఉత్తర్వులు, ప్రభుత్వం ఖర్చుల్ని తూర్పారబట్టే కాగ్ నివేదికలు. చాలాసార్లు కాగ్ నివేదికలు సమావేశాల ఆఖరి రోజునే వస్తుంటాయి. చదివి ప్రశ్నించేలోగా సభ నిరవధికంగా వాయిదా పడిపోతుంది.

తర్వాత బిల్లులు. మంత్రి ప్రవేశపెడతారు. చర్చ, ఆపైన క్లాజుల వారీగా ఆమోదం. స్పీకర్ ఒక్కో క్లాజు నంబరూ చదువుతూ, అనుకూలంగా ఉన్నవారు 'అవును' అనండి, వ్యతిరేకులు 'కాదు' అనండి అంటారు. అటునుంచి ఒక 'అవును', ఇటునుంచి ఒకటి రెండు 'కాదు'లు. బిల్లు ఆమోదం పొందుతుంది. ఏ క్లాజు ఎవరి బతుకును మారుస్తుందో ఆ గొంతుల్లో తెలియదు.

కానీ మారుస్తుంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణే చూడండి. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా కూతుళ్లకూ వాటా ఇచ్చిన ఆ మార్పు 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే ఈ ప్రాంగణంలో పలికిన 'అవును' దేశం కన్నా ఇరవై ఏళ్లు ముందు నడిచింది. భూమి పాసుపుస్తకాల సంగతీ అంతే. తెలంగాణలో 2020 సెప్టెంబరులో ధరణికి దారి వేసిన కొత్త చట్టం ఇక్కడే ఆమోదం పొందింది. దాని స్థానంలో భూభారతి బిల్లు 2024 డిసెంబరులో ఇక్కడే ఆమోదం పొందింది. నాలుగేళ్లలో రెండుసార్లు రైతు పాసుపుస్తకం తలరాత మారింది ఈ నాలుగు గోడల మధ్యే.

బడ్జెట్ సమావేశాల్లో ఈ దృశ్యం ఇంకా తీవ్రం. 2014 నవంబరులో తెలంగాణ తొలి బడ్జెట్ 1,00,637 కోట్ల రూపాయలు. 2025-26కు వచ్చేసరికి అది 3,04,965 కోట్లు. సభ అనుమతి లేకుండా ఇందులో ఒక్క రూపాయి ఖజానా దాటకూడదన్నది రాజ్యాంగం మాట. అందుకే శాఖల వారీగా పద్దులపై చర్చ, ఓటింగ్. అన్నిటికీ సమయం చాలదు. గడువు ముగిసే రోజు మిగిలిన పద్దులన్నిటినీ చర్చ లేకుండా ఒక్కసారిగా ఓటుకు పెడతారు. దీనికి 'గిలెటిన్' అని పేరు. ఫ్రాన్సులో తలలు నరికిన యంత్రం పేరు! ఇక్కడ తెగేది చర్చ తల. ఆ తర్వాత ద్రవ్య వినిమయ బిల్లు. వాగు మీద వంతెనకు డబ్బు ఉందా లేదా అన్నది నిజానికి తేలేది ప్రశ్నోత్తరాల్లో కాదు, ఖాళీ కుర్చీల ముందు సాగే ఈ పద్దుల్లోనే.

మాట పోదు

ఇంతసేపూ తలెత్తకుండా పనిచేసేవాళ్లు సభలో ఇంకొకరున్నారు. స్పీకర్ ముందు బల్ల దగ్గర కూర్చునే రిపోర్టర్లు. కొన్ని నిమిషాలకోసారి ఒకరు లేచి వెళ్తారు, మరొకరు వచ్చి కూర్చుంటారు. ఎవరు ఎంత వేగంగా మాట్లాడినా, ఒకేసారి నలుగురు అరిచినా సంక్షిప్త లిపిలో అందుకోవాలి. వెళ్లి విడిగా దాన్ని మామూలు రాతలోకి మార్చాలి. ఏ మాట ఎవరన్నారో తేడా రాకూడదు. గొడవరోజు వాళ్లకు నరకం. మామూలు రోజు కూడా తీరిక ఉండదు.

సభలో అనకూడని మాట దొర్లితే స్పీకర్ 'రికార్డుల నుంచి తొలగిస్తున్నాం' అంటారు. ప్రత్యక్ష ప్రసారాల కాలంలో ఆ మాట అప్పటికే ఊరంతా విని ఉంటుంది. అయినా అధికారిక సంపుటంలో అది కనిపించదు. మిగిలినదంతా ఉంటుంది. అలా పోగుపడ్డ దశాబ్దాల చర్చల సంపుటాలు శాసనసభ గ్రంథాలయంలో ఉన్నాయి. ఓ ఊరి పేరు ఎప్పుడైనా సభలో పలికితే, అది ఆ పుటల్లో ఎక్కడో నిద్రపోతూనే ఉంటుంది. ఊరివాళ్లే మరచిపోయినా.

ఎన్ని రోజులు?

ఇంత పని ఏడాదిలో ఎన్ని రోజులు జరుగుతుంది? రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి వ్యవధి ఉండకూడదని మాత్రమే రాజ్యాంగం చెప్పింది. రాజ్యాంగం పనితీరును సమీక్షించిన జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ 2002లో ఒక లెక్క సూచించింది. 70 మంది కన్నా తక్కువ సభ్యులున్న శాసనసభలు ఏడాదికి కనీసం 50 రోజులు, మిగతావి 90 రోజులు కూర్చోవాలన్నది. ఆ లెక్కన తెలుగు రాష్ట్రాలు రెండూ 90 రోజుల కోవలోకే వస్తాయి. మరి జరుగుతున్నది? పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ లెక్కల ప్రకారం 2022లో దేశంలోని శాసనసభలు సగటున కూర్చున్నది 21 రోజులు. ఆ ఏడాది సగానికి పైగా బిల్లులు ప్రవేశపెట్టిన రోజునో మర్నాడో ఆమోదం పొందాయి.

రోజులు తగ్గితే ముందు నష్టపోయేది నాయకులు కాదు. వాళ్లకు మీడియా పాయింట్ ఉంది, బహిరంగసభ ఉంది, టీవీ చర్చ ఉంది. నష్టపోయేది వాగు ప్రశ్నే. 90 రోజులంటే 90 ప్రశ్నోత్తరాల గంటలు. 21 రోజులంటే 21. వాటిలో గొడవల్లో కొట్టుకుపోయేవి తీసేస్తే మిగిలేవెన్ని? ఎమ్మెల్యే చేతిలో అర్జీలు యాభై ఉంటే ఆయన ఏది అడగాలి, ఏది వదిలేయాలి?

సాయంత్రం

స్పీకర్ 'సభను రేపు ఉదయం పది గంటలకు వాయిదా వేస్తున్నాం' అంటారు. అందరూ లేచి నిలబడతారు. అయిదు నిమిషాల్లో హాలు ఖాళీ. బల్లల మీద కాగితాలు మిగులుతాయి. సిబ్బంది వాటిని సర్దుతుంటారు. బయట బారికేడ్లు పక్కకు జరుగుతాయి. పబ్లిక్ గార్డెన్స్‌లో సాయంత్రం నడకకు వచ్చినవాళ్లు, ఐస్‌క్రీమ్ బండ్లు, పిల్లలు. గోడకు ఇవతల ఏం జరిగిందో వాళ్లలో ఎక్కువమందికి పట్టింపు ఉండదు.

పొద్దున గేటు దగ్గర నిలబడ్డ మనిషి అప్పటికి బస్సెక్కి ఉంటాడు. ఊళ్లో దిగగానే అందరూ అడిగేది ఒకటే. "ఏమన్నడు మంత్రి?" 'లేదండీ' అన్నాడని చెబితే ఊరు నిరాశపడుతుంది. 'పరిశీలిస్తాం' అన్నాడని చెబితే సగం మంది నవ్వుతారు. కానీ ఆ మాట అచ్చులో ఉంది. ఏ తేదీన, ఏ నంబరు ప్రశ్నకు, ఏ మంత్రి అన్నాడో ఉంది. వచ్చే సమావేశాల్లో "అధ్యక్షా, ఫలానా తేదీన ఇదే సభలో ఇచ్చిన మాట ఏమైంది?" అని అడగడానికి అది చాలు. అడిగే సభ్యుడు ఉంటే... అతన్ని అడిగే ఊరు ఉంటే.

ఈసారి సమావేశాలు మొదలైనప్పుడు ఎవరు ఎవర్ని తిట్టారన్నది చూసేముందు ఆరోజు ప్రశ్నల జాబితా ఒక్కసారి చూడండి. అందులో ఎక్కడో మీ మండలం పేరు ఉండొచ్చు. దాని ఎదురుగా ఒక నక్షత్రం గుర్తు కూడా.